పప్పు ముందా, చింతపండు ముందా

కిందటేడు ఆషాఢంలో ఒక పొద్దున స్టవ్ ముందు అలాగే నిలబడిపోయాను. చేతిలో కుక్కర్ మూత. కందిపప్పు కడగాలా, చింతపండు నానబెట్టాలా, ముక్కలు తరగాలా? నలభై ఏళ్లుగా పెడుతున్న సాంబారే. అన్నీ తెలుసు, ఏది ముందో మాత్రం తేలలేదు. మా ఆయన వచ్చి "ఏమైందే?" అంటే, మూత గట్టు మీద పెట్టి వెళ్లి పడుకున్నాను.

నాకిప్పుడు 67 ఏళ్లు. పోస్టాఫీసు కౌంటర్లో 34 ఏళ్లు పనిచేశాను. సాయంత్రం లెక్క పైసాతో సహా తేలితేనే ఇంటికి వచ్చేదాన్ని. అలాంటిది కరెంటు బిల్లు రెండు నెలలు బల్ల మీదే ఉండిపోయింది. రోజూ చూస్తూనే ఉన్నాను.

ఏడుపు రాలేదు. అందుకే ఇది డిప్రెషన్ అని ఎవరికీ తట్టలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, అన్నం సయించకపోవడం, ఒళ్లంతా బరువు. "లేచి ఏదో ఒక పని పెట్టుకో అమ్మా, అదే పోతుంది" అన్నాడు మా అబ్బాయి. వాడు ప్రేమతోనే అన్నాడు. కానీ నాకు పోయింది ఆ లేచి పని పెట్టుకునే శక్తే. మొదట చూసిన డాక్టరు వయసు వల్లే అని బలం మాత్రలు రాశారు. మా అమ్మ చివరి రోజుల్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందనుకుని లోలోపల వణికిపోయాను, పైకి మాత్రం అనలేదు.

మా చెల్లెలు పట్టుబట్టి గుంటూరులో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. థైరాయిడ్, బి12, సోడియం చూశారు. తర్వాత ఒక్క నిమిషంలో చెప్పగలిగినన్ని జంతువుల పేర్లు చెప్పమన్నారు. ఏడు దగ్గర ఆగిపోయాను. ఒకటి నుంచి 'అ'కి, 'అ' నుంచి రెండుకి గీత కలపమంటే, మూడు దాటగానే అక్షరాలు వదిలేసి అంకెల వెంటే పోయాను. ఐదు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే రెండే గుర్తొచ్చాయి. "ఒకటి పువ్వు పేరు" అని డాక్టరు గారు అందించగానే మూడోది వచ్చేసింది. "చూశారా, మాట లోపలే ఉంది. బయటికి తీసే పనే మొరాయిస్తోంది" అన్నారు. ఆ మాట విన్నాక అప్పుడు ఏడుపొచ్చింది.

పని మొదలుపెట్టడం, వరస పెట్టుకోవడం, అవసరమైతే దారి మార్చుకోవడం మెదడు ముందు భాగం చూసుకుంటుందట. పెద్ద వయసు డిప్రెషన్‌లో చాలామందికి అదే కుంటుపడుతుందట. ఏళ్ల తరబడి బీపీ ఉంటే మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని ఆ ఇబ్బంది ఇంకా పెరగొచ్చు. నాకు బీపీ ఇరవై ఏళ్లుగా ఉంది. ఇలాంటివాళ్లకు మందు నిదానంగా పనిచేయొచ్చని, మతిమరుపు జబ్బు సంగతి డిప్రెషన్ తగ్గాక మళ్లీ పరీక్షించి చెబుతానని అన్నారు. దాపరికం లేకుండా చెప్పినందుకే నాకు నమ్మకం కుదిరింది.

చిన్న డోసుతో మొదలుపెట్టి, రెండు వారాలకు మళ్లీ సోడియం చూశారు. ఆరో వారానికి నిద్ర, ఆకలి వచ్చాయి. పని మాత్రం చేతికి రాలేదు. అప్పుడు వారానికోసారి సైకాలజిస్టు దగ్గర కూర్చున్నాను. నోట్‌బుక్‌లో ఒక్క సమస్య రాయాలి, దానికి తోచిన దారులన్నీ రాయాలి, ఒకటి ఎంచుకోవాలి, చేసి వచ్చే వారం చెప్పాలి.

నా మొదటి సమస్య నవంబరు లైఫ్ సర్టిఫికెట్. మొదటి రోజు పని, బీరువాలోంచి పెన్షన్ ఫైలు తీసి బల్ల మీద పెట్టడం. అంతే. ఎంతమంది పెన్షనర్లకు దగ్గరుండి ఈ పని చేయించానో, నాకిలా రాసిచ్చారేమిటని మనసు చివుక్కుమంది. అయినా తీశాను. రెండో రోజు ఆధార్ కార్డు. మూడో రోజు పోస్ట్‌మన్‌కు ఫోన్. ఆ అబ్బాయి మిషను పట్టుకుని ఇంటికే వచ్చాడు. "మేడమ్ గారూ, కొంచెం గట్టిగా నొక్కండి" అన్నాడు. వేలిముద్ర రెండోసారికి పడింది. ఆ రాత్రి తెల్లారేదాకా పడుకున్నాను.

మేలో మళ్లీ పరీక్ష చేస్తే జంతువులు పద్నాలుగు వచ్చాయి, గీత కూడా చివరిదాకా కలిపాను. మతిమరుపు జబ్బు లక్షణాలు కనబడటం లేదని, ఏడాదికోసారి మాత్రం చూపించుకోమని చెప్పారు. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను. సాంబారు వరస రాసిన కాగితం స్టవ్ పక్క గోడకి అలాగే ఉంది, అంచులకి నూనె మరకలు పడ్డాయి. వంట మధ్యలో ఎవరైనా మాట కలిపితే ఇప్పటికీ తికమకపడతాను. మొన్న మా ఆయన ఏదో అడగబోతే "ఉండండి, పోపు అయ్యాక చెబుతాను" అన్నాను. ఆయన పీట లాక్కుని అక్కడే కూర్చున్నారు.