ఇడ్లీ మీద నలుసులు

మొన్న రాత్రి లైటు తీసేసి పడుకున్నాక ఎడమ కంటి పక్కన సర్రున ఒక మెరుపు. వానేమో అనుకున్నా. కిటికీలోంచి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. కన్ను తిప్పినప్పుడల్లా మళ్లీ అదే మెరుపు.

పొద్దున ఇడ్లీ మీద నల్ల నలుసులు. వేలితో తీయబోతే దొరకలేదు. గోడ వైపు చూస్తే అవీ గోడ మీదికి వచ్చాయి!

మా ఆవిడకి మైగ్రేన్. తలనొప్పికి ముందు రెండు కళ్లలోనూ వంకర టింకర మెరుపు గీతలు కనబడి అరగంటలో పోతాయి. నాదీ అదే అనుకుంది. నేనూ ఆదివారం చూద్దాంలే అన్నా. అక్క మాత్రం ఫోన్లో, "ఒరేయ్, నీ పవర్ మైనస్ ఏడు కదరా, ఇవాళే పో" అంది.

కంటి డాక్టరు మొదట అడిగింది, "ఒక్కో కన్ను మూసి చూసుకున్నారా?" అని. మెరుపు ఒక్క కంట్లోనా, రెండింట్లోనా అని తేల్చుకోవడానికట. చూసుకోలేదు. అంత మాత్రం తట్టలేదు నాకు.

చుక్కల మందు వేసి చూస్తే రెటీనా (కంటి వెనక పొర) అంచున చిన్న చిరుగు. కంటి లోపలి జెల్లీ వయసుతో కుంచించుకుని రెటీనాను లాగుతుందట, ఆ లాగుడే మెరుపట. మైనస్ పవర్ ఎక్కువున్న వాళ్లకు ఈ బెడద ఎక్కువ. చిరుగు చుట్టూ లేజర్ వేశారు. ఆలస్యమై రెటీనా ఊడితే ఆపరేషనే. పక్కనుంచి నల్ల తెర దిగినట్టుంటే వెంటనే రమ్మన్నారు. ఉన్నట్టుండి చూపు పోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయమన్నారు.

మెరుపులు తగ్గాయి. ఇది టైప్ చేస్తుంటే స్క్రీన్ మీద ఒక నలుసు మాత్రం ఇంకా ఈదుతోంది.