చేతికి వేసిన కాలి నరం

తెగిన నరానికి గ్రాఫ్ట్ (వేరేచోటి నరం ముక్క) వేయించుకుని ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "కాలి నరం చేతికెలా పనికొస్తుందమ్మా?" పిక్క వెనుక నుంచి చీలమండ పక్కకు దిగే సూరల్ నరాన్ని తీసి, ముంజేతిలో నరం తెగినచోట కుడతారు. తెగిన వైరుకు ముక్క అతికినట్టే అనుకుంటారు చాలామంది. నెల దాటినా వేళ్లు మొద్దుబారే ఉంటే, ఆపరేషన్ చెడిందేమోనని హడలిపోతారు.

నిజానికి కాలి నరంలోని తంతువులు బతకవు. వాటిని పోషించే కణాలు వెన్నుపూసల దగ్గరే ఉండిపోయాయి మరి. మనకు కావలసింది ఆ తంతువులను చుట్టుకుని ఉండే ష్వాన్ కణాలు. మామూలప్పుడు వీటిలో చాలావాటి పని తంతువు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర కట్టడం. తంతువు తెగగానే వీటి తీరే మారిపోతుంది. పాత మైలిన్‌ను తామే ముక్కలు చేసి మింగుతాయి, మిగిలిన చెత్త ఎత్తడానికి మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలను రప్పిస్తాయి, తరువాత బారులు తీరతాయి. వాటినే బ్యుంగ్నర్ పట్టీలంటారు. పైనుంచి మొలిచే కొత్త తంతువులు ఆ బారుల వెంబడే, అవి విడుదల చేసే పోషకాలతో, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగుతాయి. ముంజేతి నుంచి వేళ్ల దాకా 20 సెంటీమీటర్లు పోవాలంటే ఆరేడు నెలలు!

గ్రాఫ్టుకు మొదటి కొద్ది రోజులు సొంత రక్తప్రసారం ఉండదు. చుట్టూ ఉన్న కండ నుంచి ఊరేదే ఆధారం. లావు నరమైతే నడిమి కణాలు చచ్చిపోతాయి. అందుకే సన్నటి సూరల్ నరాన్ని ముక్కలు చేసి పక్కపక్కనే పేరుస్తారు. కణాలన్నీ కడిగేసిన దాత నరాలూ ఉన్నాయి. చిన్న ఖాళీకి బాగానే పనిచేస్తాయి. ఖాళీ పొడవైతే, రెండు కొసల నుంచి పాకి రావలసిన ష్వాన్ కణాలు మధ్యలోనే అలసిపోతాయి.

నాకు బాధ కలిగించేది ఆలస్యం. నెలల తరబడి తంతువు చేరకపోతే ఈ కణాల సత్తువ తగ్గిపోతుంది. గాజు గీసుకుని వేలు మొద్దుబారితే, "గాయం మానితే అదే వస్తుంది" అని ఊరుకోకండి. వెంటనే హ్యాండ్ సర్జన్‌కు చూపించండి.

గ్రాఫ్ట్ వేసినవాళ్లకు నరం దారివెంట వేలితో మెల్లగా తట్టి చూస్తాను. జివ్వుమనే చోటు నెలనెలా కిందికి జరుగుతుంటే మొలకలు సాగుతున్నట్టే. వేలికొసకు స్పర్శ వచ్చేదాకా ఆ చేత్తో పొయ్యి మీది గిన్నె దించకండి. కాలినా తెలియదు.