తాటాకు ప్రతి, కాగితం ప్రతి పక్కపక్కన పెట్టి: నా అనుభవం

చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం 1869లో ఏర్పడింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులైన మెకంజీ, లేడెన్, సి.పి. బ్రౌన్ సేకరణలు దానికి పునాది. ఒక తెలుగు పద్యకావ్యం పాఠాన్ని అక్కడి ప్రతులతో సరిచూశాను. ఆ పని ఎలా సాగుతుందో రాస్తున్నాను.

ప్రతి కావాలంటే ముందు సూచిక చూడాలి. అందులో సంఖ్యకు ముందు డి అనో ఆర్ అనో ఉంటుంది. డి వర్ణనాత్మక సూచికది, ఆర్ మూడేళ్లకోసారి వేసిన సూచికలది. ఒకే అంకె రెంటిలోనూ ఉండొచ్చు. నేను మొదట అంకె ఒక్కటే రాసిచ్చాను, వేరే కట్ట వచ్చింది. ఒక కట్టలో నాలుగైదు గ్రంథాలు కూడా ఉంటాయి కాబట్టి మనది ఏ ఆకు దగ్గర మొదలవుతుందో కూడా రాసుకోవాలి.

కట్ట విప్పాక చదవడానికి ముందే ఆకులు లెక్కపెట్టాలి. సంఖ్య తెలుగు అంకెల్లో, ఆకుకు ఒకవైపే, ఎడమ అంచున ఉంటుంది. అంచు విరిగితే సంఖ్యే ముందు పోతుంది. గంటంతో గీసిన అక్షరాల్లో నింపిన మసి రాలిపోయిన చోట అక్షరం కనిపించదు గాని గంటపు గీత ఉంటుంది. ఆకును విరగకుండా కొద్దిగా ఏటవాలుగా పట్టి, పక్కనుంచి వెలుతురు పడనిస్తే తేలుతుంది.

అసలు కష్టం పద్యం విడదీయడంలో ఉంది. పాదం ఎక్కడ విరగాలో ఆకు చెప్పదు, ఛందస్సు చెబుతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. లెక్కకు 19 వచ్చి, యతి తొమ్మిదో చోట కుదిరిందంటే జారిన అక్షరం పాదం మొదటి భాగంలోనిది. పదో చోటే కుదిరితే తర్వాతి భాగంలోనిది. వరుసగా రెండు పాదాల్లో ఒకే మాట వస్తే లేఖకుడి కన్ను దాటిపోయి మధ్యదంతా పోతుంది. గ్రంథపాతాలు, అంటే పాఠం జారిపోయిన ఖాళీలు, నాకు ఎక్కువగా అలాంటి చోట్లే కనిపించాయి.

బ్రౌన్ ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్పించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. వాటిని చదవడం హాయి. అయితే ఆ నునుపే నన్ను ఆపింది. తాటాకులో అర్థం కాని మాట ఉన్నచోట కాగితంలో సుళువైన మాట ఉంటే, అది పండితుడి దిద్దుబాటు కావచ్చు. గణం, యతి రెండూ సరిపోతే నేను కష్టమైన పాఠాన్నే పైన ఉంచి, రెండోదాన్ని పాఠభేదంగా కింద చూపాను. తప్పులతడక అని తాటాకును పక్కన పెట్టడం నాకు నచ్చదు. అర్థం తెలియని లేఖకుడు మాట మార్చే సాహసం చేయడు.

చివరి ఆకులో కాలం ఉంటే తరచు సంవత్సరం పేరే ఉంటుంది. విరోధి అంటే 1709, 1769, 1829 ఏదైనా కావచ్చు. మాసం, తిథి, వారం కూడా ఉంటే గణించి చాలావరకు తేల్చవచ్చు. కానీ లేఖకుడు మాతృక (తాను చూసి రాసిన ప్రతి) చివరి తేదీని కూడా యథాతథంగా దించి ఉండొచ్చు. అందుకే తేదీ ఉన్న వాక్యం తర్వాత రెండో తేదీ ఏదైనా ఉందేమో, ఆకు వెనకవైపు కూడా చూడాలి.