ఎడిసన్‌లో పెద్దపండుగ

కోనసీమలో పుట్టి పెరిగినవాడికి సంక్రాంతి అంటే ఎవరో ఒకరు ఇంటికి వచ్చే పండుగ. నెల పట్టిన నాటి నుంచి తెల్లవారుజామున హరిదాసు వస్తాడు. ఆయన వెనుకే గంగిరెద్దులవాడు, జంగమదేవర, బుడబుక్కలవాడు, కొమ్మదాసరి వస్తారు. పండుగ దగ్గరపడేసరికి హైదరాబాదు, బెంగళూరుల నుంచి పిల్లలు, వారితోపాటు కొత్త అల్లుళ్లు దిగుతారు. వాకిట్లో ముగ్గు వేసేది కూడా ఆ వచ్చేవారి కోసమే. 2024 సంక్రాంతికి మా ఇంట్లో ఈ వరుస తలకిందులైంది. అల్లుడు అత్తవారింటికి రావలసిన పండుగకు అత్తమామలమైన మేమే ఢిల్లీ మీదుగా నెవార్క్ విమానాశ్రయంలో దిగి, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉన్న అల్లుడి ఇంటికి చేరుకున్నాం.

1954 వరకు ఎడిసన్ పేరు రారిటన్ టౌన్‌షిప్. 1876లో థామస్ ఆల్వా ఎడిసన్ ప్రయోగశాల నెలకొల్పిన మెన్లో పార్క్ ఈ ఊరి పరిధిలోనిదే కావడంతో తరువాత ఆయన పేరు పెట్టుకున్నారు. పట్నమూ కాదు, పల్లెటూరూ కాదు. నడిబొడ్డు అని చెప్పుకోదగ్గ చోటే లేని ఊరు అది. రెండంతస్తుల చెక్క ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ కొంత పచ్చిక, గారేజీ దాకా కారు వెళ్లే బాట, ప్రహరీ లేని వాకిళ్లు. జనవరి నెలలో పచ్చిక ఎండి, చెట్లు మోడులై, మధ్యాహ్నం కూడా ఎండ ఏటవాలుగానే పడుతుంది. నడకకు బయలుదేరినప్పుడు నాకు ఎదురైనవారు చాలావరకు నావంటివారే. కూతురింటికో కొడుకింటికో వచ్చి, మంకీ టోపీ మీద పెద్ద కోటు తొడుక్కుని నడిచే గుంటూరు, కరీంనగర్, సూరత్, కోయంబత్తూరు పెద్దలు. ఎవరి ఇంటికీ ఎవరూ చెప్పకుండా వెళ్లరన్న సంగతిని నాకు మొదట చెప్పింది కూడా వారే.

పండుగకు ముందు శుక్రవారం సాయంత్రం సరుకుల కోసం ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్లాం. ఎడిసన్ నుంచి పక్కనున్న ఐస్లిన్‌లోకి సాగే ఈ దారికి ఇరువైపులా చీరల, నగల, మిఠాయిల, కిరాణా దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. అక్కడ ఒకే పండుగ నాలుగు పేర్లతో నడుస్తోంది. గుజరాతీలు ఉత్తరాయణానికి ఊంధియూ వండడానికి సూరతీ చిక్కుళ్లు, ఊదారంగు పెండలం ఏరుకుంటున్నారు; పంజాబీలు లోహ్రీ మంటలో వేసే వేరుశనగకాయలు, రేవడీలు కొంటున్నారు; తమిళులు పొంగల్ కుండకు కట్టే పసుపు మొక్కలను ఆకులు నలగకుండా పట్టుకుని వరుసలో నిలబడ్డారు; మనవారి బండ్లలో బెల్లం, నువ్వులు, చెరకు, బంతిపూలు, ముగ్గు రంగులు కనిపించాయి. కర్పూరం, అగరువత్తుల పక్కనే పిడకలు కూడా పొట్లాలుగా కట్టి అమ్ముతున్నారు. గాలికుంటు వ్యాధి భయం వల్ల మన దేశం నుంచి పిడకలు తేవడాన్ని అమెరికా నిషేధించింది. 2021లో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో ఎవరో వదిలివెళ్లిన పెట్టెలో రెండు పిడకలు దొరికితే కస్టమ్స్‌వారు వాటిని ధ్వంసం చేసి, ఆ సంగతిని పత్రికలకు కూడా ఎక్కించారు. మా ఊళ్లో గోడనిండా ఉండే వస్తువుకు అంత ప్రతిష్ఠ పట్టడం చూసి నా భార్య చాలాసేపు నవ్వింది.

పండుగ ఏనాడన్న చర్చ మరో వైపు నడుస్తోంది. ఆ ఏడాది సూర్యుడు మకరరాశిలో ప్రవేశించింది మన గడియారం ప్రకారం జనవరి 15 తెల్లవారుజామున 2 గంటల 54 నిమిషాలకు. అందుకే మనకు 15న సంక్రాంతి. ఆ క్షణానికి న్యూజెర్సీలో ఇంకా 14వ తేదీ సాయంత్రం 4 గంటల 24 నిమిషాలే. పొద్దు గుంకడానికి అరగంట వ్యవధి ఉంది కనుక అక్కడ సంక్రాంతి 14నే అయింది. భోగి శనివారం, సంక్రాంతి ఆదివారం, కనుమ సోమవారం. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ప్రభుత్వ సెలవు కావడంతో మూడు రోజులూ కలిసివచ్చాయి. కనుమ నాడు కాకైనా కదలదన్న మాటను అమెరికా ప్రభుత్వం కూడా పాటించిందని మా అల్లుడు అందరికీ చెప్పుకున్నాడు. ఇండియా తేదీనే పట్టుకున్నవారూ లేకపోలేదు. రెండు రోజులూ పిలుపులు అందుకున్నవారు రెండు చోట్లా పొంగలి తిన్నారు.

శనివారం తెల్లవారుజామున భోగిమంట వేశాం. పాత సామాను ఆరుబయట తగలబెట్టడానికి న్యూజెర్సీ చట్టం ఒప్పుకోదు. కనుక పెరట్లో ఇనుప కుంపటి పెట్టి, దుకాణంలో కొన్న కట్టెలు పేర్చి, పిల్లలు దారానికి గుచ్చిన పిడకల దండను అందులో వేశాం. మంట మోకాలి ఎత్తు కూడా లేదు. ఏడు దాటితే గాని సూర్యుడు రాడు కాబట్టి చీకటి మాత్రం కావలసినంత ఉంది, చలి సంగతి చెప్పనక్కరలేదు. మా ఊళ్లో చలిమంట కాచుకోవడానికి భోగి ఒక సాకు; ఎడిసన్‌లో నిజంగానే చలికి చేతులు చాచాం. ఆ సాయంత్రం వెనుక వీధిలోని పంజాబీ కుటుంబంవారు లోహ్రీ మంట వేసుకుని మమ్మల్ని కూడా పిలిచారు. ఉదయం మేం ఆర్పిన కుంపటిని వారే అడిగి పట్టుకెళ్లారు.

భోగిపళ్లకు రేగుపళ్లు దొరకలేదు. దుకాణంలో ఆపిల్ రేగు అనే పెద్దకాయలున్నాయి గాని అవి మూడేళ్ల పిల్ల నెత్తిన పోస్తే దిష్టి పోవడం మాట అటుంచి బొప్పి కట్టేటట్టున్నాయి. మా అమ్మాయి ఏటా చేసే ఏర్పాటు నాకు నచ్చింది. ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో, పైన్ బ్యారెన్స్ అనే ఇసుకనేలల బురదమడుల్లో క్రాన్‌బెర్రీలు పండుతాయి. ఎర్రగా, గుండ్రంగా, సరిగ్గా చిట్టిరేగుపండంత ఉంటాయి. శరదృతువులో కోతకు వచ్చిన ఆ పళ్లను ఆమె కొని శీతల అరలో దాచి ఉంచింది. వాటిలో శనగలు, చెరకు ముక్కలు, బంతిరేకులు, చిల్లర నాణేలు కలిపి ముత్తయిదువలు పిల్ల తల మీద పోశారు. ఆ మూడు రోజుల్లో నేను చూసిన వస్తువుల్లో ఆ నేల మీద పండి, ఆ నేల మీదే పండుగకు పనికివచ్చిన పంట అదొక్కటే. రేగుపళ్లు లేవని నొచ్చుకున్న పెద్దావిడ ఒకరు అక్కడ ఉన్నారు. ఆమె మాట నాకు నచ్చలేదు. మన పెద్దలు రేగును ఎంచుకున్నది అది ఆ కాలంలో చేతికందే పండు కాబట్టే గదా.

బియ్యం కథ వేరు. 2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించగానే అమెరికాలోని తెలుగువారు సోనా మసూరి కోసం దుకాణాల ముందు బారులు తీరారు. కొన్నిచోట్ల మనిషికి ఒక్క సంచే అని హద్దు పెట్టారు. ఆ గలాటాలో మా అల్లుడు కొన్న సంచులు జనవరికి కూడా గారేజీ గోడవారన నిలబడి ఉన్నాయి. "కొత్తబియ్యం పండుగకు ఇవి పాతబియ్యం, మామయ్యగారూ" అని అతనే ముందుగా అనేశాడు. నా భార్యకు మాత్రం అది నవ్వులాట కాదు. అరిసెలకు కొత్తబియ్యపు పిండిలో ఉండే జిగురు కావాలి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి, రెండుసార్లు జల్లించి, పాకాన్ని చన్నీళ్ల గిన్నెలో వేసి ఉండకట్టేదాకా పరీక్షించి, మొదటి వాయి విరిగిపోతే పాకం కాస్త లేతగా దించి రెండో వాయి నిలబెట్టింది. ఇంట్లో నూనె కాగితే పొగ అలారం మోగుతుందని గారేజీ తలుపు సగం ఎత్తి అక్కడే పొయ్యి పెట్టారు. వీధికి తెలియకుండా వండుదామని గారేజీలోకి వెళ్తే నువ్వుల వాసన వీధి చివరిదాకా పోయింది.

రెండిళ్ల అవతల కరీంనగర్ కుటుంబం ఉంది. ఆ ఇల్లాలు నేలమాళిగలో గుడ్డలు పరిచి సకినాలు చుడుతూ నా భార్యను కబురంపి పిలిపించుకుంది. వాము, నువ్వులు కలిపిన తడిపిండిని వేళ్ల మధ్య తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేయడం చూసి మావిడ కూడా కూర్చుంది. కోనసీమలో అరవయ్యేళ్లు ఉన్నా ఆమె అంతవరకు సకినాల గుడ్డ ముందు కూర్చోలేదు. ఆ ఇంటివారికి సంక్రాంతికి నోములుంటాయి. వచ్చిన ప్రతి ఆడపడుచుకూ పసుపు కుంకుమలతోపాటు ఒక స్టీలు గిన్నె పంచారు. మా అరిసెలు అటు, వారి సకినాలు ఇటు వెళ్లాయి. ఈ మాత్రం ఇరుగుపొరుగుతనానికి వీరంతా అంతదూరం పోవలసి వచ్చింది.

ఆదివారం ఉదయం అరగంట కారు ప్రయాణం చేసి బ్రిడ్జ్‌వాటర్‌లోని వేంకటేశ్వరాలయానికి వెళ్లివచ్చాం. కారు నిలపడానికి చోటు వెతకడానికే దర్శనానికన్నా ఎక్కువ సేపు పట్టింది. సాయంత్రం సంక్రమణ వేళకు పొంగలి పొంగించాలి గనుక త్వరగా తిరిగివచ్చాం. గారేజీ ముందు బాట మీద అమ్మాయి బియ్యప్పిండితో పెద్ద రథం ముగ్గు వేసింది. దాన్ని చూడడానికి ఎవరైనా వస్తారా అని నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. చివరకు వచ్చినవాడు పార్సిళ్లు పంచే కుర్రవాడు. ముగ్గు చూసి ఆగి, అంచు తొక్కకుండా పచ్చిక మీదుగా చుట్టూ తిరిగి, గుమ్మం దగ్గర పెట్టె పెట్టి, ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. అతన్ని ఆపి రెండు అరిసెలు ఇద్దామని నేను కోటు వెతుక్కునేలోపు బండి వీధి మలుపు తిరిగింది. మరునాడు రాత్రి కురిసిన మంచుకు రథం కప్పబడిపోయింది. న్యూయార్క్ పరిసరాల్లో దాదాపు రెండేళ్లుగా సరైన మంచే పడలేదట, పిల్లలు ముగ్గు సంగతి మరిచి దాని మీదే ఆడారు.

కనుమ నాడు మినపగారెలు తిన్నాం. పశువులు లేవు. మా వైపు ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలనే అలంకరించిన వెదురు చట్రాల మీద భుజాలకెక్కి, వరిచేలకు అడ్డంపడి, కాలువ దాటి ఒకచోట కలుసుకుంటారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం చూపిన శకటం ఈ తీర్థానిదే. ఫోనులో దాన్ని చూపిస్తూ, మన దేవుళ్లు కూడా పండుగకు ఒకరి దగ్గరికి ఒకరు నడిచి వెళ్తారని మనవరాలికి చెప్పాను. "కారులో వెళ్లరా, తాతయ్యా?" అని అడిగింది.

తెలుగువారి సంక్రాంతి సంబరాలు తరువాతి శనివారం ఒక పాఠశాల ఆడిటోరియంలో జరిగాయి. హాలు దొరికే రోజును బట్టి ఈ సంబరాలు ఒక్కో పేటలో జనవరి ఆఖరుదాకా, ఒక్కోచోట ఫిబ్రవరిలోకి కూడా సాగుతాయి. ముగ్గుల పోటీ అట్టల మీద, గాలిపటాల పోటీ వ్యాయామశాలలో. పిల్లల నృత్యాలు ఒకదాని వెంట ఒకటి సాగుతూనే ఉన్నాయి. తలుపు దగ్గర మాత్రం ఒక హరిదాసు నిలబడి ఉన్నాడు. పసుపు పంచె, మెడలో పూలదండ, నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు. వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. తణుకు దగ్గర తన చిన్నప్పుడు ఇంటికి వచ్చిన హరిదాసు పాడిన కీర్తనలనే గుర్తుపెట్టుకుని పాడుతున్నాడు. గొంతు బాగుంది, తాళం తప్పలేదు. కార్యక్రమ పత్రంలో ఆయనకు కేటాయించింది నాలుగు నుంచి ఐదు వరకు.

ఐదు దాటాక, మా ఇంటికి రాకూడదా అని అడిగాను. చాలామంది అడిగారని, ఇంటికీ ఇంటికీ మధ్య పావుగంట కారు ప్రయాణమని, పైగా పాత్ర నెత్తిన ఉండగా కారులో కూర్చుంటే పైకప్పు తగులుతోందని ఆయన నవ్వాడు. మా అమ్మాయి లెక్కవేసి, తమ వీధిలోనే నడిచి తిరగగల దూరంలో ఎనిమిది ఇళ్లున్నాయని, ధనుర్మాసంలో ఒక శనివారం పొద్దున్నే వస్తే చాలని చెప్పింది. ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు: డాలర్లు వద్దు, ప్రతి ఇంటా పిల్లల చేతనే బియ్యం పోయించాలి. ఆ ఏడాది ధనుర్మాసంలో మొదటి శనివారం డిసెంబరు 21న వస్తుందని అమ్మాయి అక్కడికక్కడే ఫోనులో చూసి ఆయనకు చెప్పింది.