మా పాప బ్లాడర్‌కి బొటాక్స్ ఇంజెక్షన్, ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర మా అనుభవం

ఈ రోజు పొద్దున పదిన్నరకి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఐదు నెలలుగా ఎదురుచూస్తున్న ఇన్సూరెన్స్ డబ్బులు పడ్డాయి. స్టవ్ ఆపేసి ముందు ఇది రాయడానికి కూర్చున్నాను. మే నెలలో ఈ విషయం మీద తెలుగులో ఒక్క ముక్క దొరక్క ఎంత అల్లాడానో ఇంకా మర్చిపోలేదు.

మా పాపకి పదకొండేళ్లు. ఐదో ఏటి నుంచీ ఇదే బాధ. ఉన్నట్టుండి పాస్ తన్నుకొస్తుంది, బాత్రూంకి చేరేలోపే బట్టలు తడిసిపోతాయి. ఆపుకోవడానికి ఎక్కడున్నా గబుక్కున మడమ మీద కూర్చుండిపోయేది. అదేదో ఆట అనుకున్నాం. తర్వాత బద్ధకం అన్నాం. రెండేళ్లు ఆ మాటతోనే తిట్టాం. తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. బ్లాడర్ (మూత్రాశయం) సగం కూడా నిండకముందే దాని కండరం తనంతట తాను ముడుచుకుంటుందని, అది పిల్ల చేతిలో లేని పని అని డాక్టర్ గారు చెప్పేదాకా మాకు తెలియదు. ఇది చదివే తల్లులెవరైనా ఉంటే ముందు తిట్టడం మానండి.

హైదరాబాద్‌లో పిల్లల యూరాలజిస్ట్ మొదట రెండు రోజుల డైరీ రాయించారు. ఎన్ని నీళ్లు తాగింది, ఎన్నిసార్లు వెళ్లింది, కొలత గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, అన్నీ. వయసుకి ఒకటి కలిపి ముప్పైతో హెచ్చిస్తే ఆ పిల్లల బ్లాడర్ ఎంత పట్టాలో సుమారుగా వస్తుందట. ఇప్పటి వయసుకి మా పాపకి 360 మి.లీ. రావాలి. అప్పటి డైరీలో ఏ రోజూ 130 దాటలేదు. మలబద్ధకం ఉంటే బ్లాడర్ మాట వినదని ముందు దానికి పౌడర్ ఇచ్చారు. టైము పెట్టి బాత్రూంకి పంపాం. ఆక్సీబ్యుటినిన్ అనే బ్లాడర్ మందు వాడితే నోరు ఎండిపోయి అన్నం మింగలేకపోయేది. తర్వాత సోలిఫెనాసిన్, ఆ తర్వాత మిరాబెగ్రాన్, నడుము కింద అతికించే కరెంటు ప్యాడ్లు. ఇలా మూడేళ్లు. కొంత తగ్గింది కానీ, తడి పీల్చే ప్యాడ్ పెట్టుకోకుండా స్కూలుకి వెళ్లేంత కాదు.

అప్పుడు డాక్టర్ గారు బొటాక్స్ మాట ఎత్తారు. కండరాన్ని ముడుచుకోమని చెప్పే నరాల సంకేతాన్ని ఆ మందు కొన్ని నెలలు ఆపి ఉంచుతుంది, తర్వాత దాని పని తగ్గిపోతుంది, అవసరమైతే మళ్లీ చేయించుకోవాలి. నరాల జబ్బు వల్ల బ్లాడర్ ఇలా అయిన పిల్లలకి అమెరికాలో 2021లో అనుమతి ఇచ్చారని, మా పాపది ఆ రకం కాదని, ఇలాంటి పిల్లలకి మందులేవీ పనిచేయనప్పుడు డాక్టర్లు తమ అనుభవం మీద చేస్తున్నారని దాచకుండా చెప్పారు. కొందరికి ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాలు పాస్ పూర్తిగా రాకపోవచ్చు, అప్పుడు సన్నటి పైపు పెట్టి తీయాలి. అందుకని ముందే ఒక నర్సమ్మ మా ఇద్దరికీ పైపు పెట్టడం నేర్పించారు. పేరు రాయకూడదు గానీ, ఆవిడ చేతికి దండం పెట్టాలి.

ఇంజెక్షన్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. వారం ముందు యూరిన్ కల్చర్ చేసి ఇన్ఫెక్షన్ లేదని చూసుకున్నారు. మత్తు ఇచ్చి, లోపలికి కెమెరా పంపి (దీన్నే సిస్టోస్కోపీ అంటారు), బ్లాడర్ గోడలో ఇరవై చోట్ల కొంచెం కొంచెంగా 100 యూనిట్లు ఎక్కించారు. మేం బయట కూర్చున్నది గంట కూడా లేదు. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. మర్నాడు దాకా పాస్‌లో కొద్దిగా ఎరుపు, కాస్త మంట. పైపు అవసరం రాలేదు.

అసలు సంగతి అంతకు ముందు రోజు జరిగింది.

క్యాష్‌లెస్ కోసం, అంటే బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లే నేరుగా ఆసుపత్రికి కట్టేలా అడగడానికి, ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర లైన్లో నిలబడ్డాం. మా ఆయన ఆఫీసు నుంచి ఇంకా రాలేదు, పాప నా చెయ్యి పట్టుకుని ఉంది. వెనక పదిమంది దాకా ఉన్నారు. కౌంటర్‌లో అబ్బాయి కాగితం చూసి, "బొటాక్సా? పదకొండేళ్ల పిల్లకా? ముడతలకి చేసేది కదండీ?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. నేను అద్దం కిందున్న కంతలోకి వంగి, నెమ్మదిగా, బ్లాడర్ సమస్య అని చెప్పాను. వినపడలేదో ఏమో, గట్టిగా అడిగాడు: "పాపకి యూరిన్ ఆగదా మేడమ్? పక్క తడుపుతుందా?"

పాప నా చెయ్యి వదిలేసింది. పైకి చూడలేదు. వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడింది. స్కూల్లో బెస్ట్ ఫ్రెండుకి కూడా ఆరేళ్లుగా తెలియనివ్వని విషయం అది. అందుకోసం ఎండాకాలంలో కూడా నీళ్లు తాగకుండా నోరు ఎండగట్టుకునేది. ఆ పిల్ల అంత కష్టపడి దాచుకున్నది ఒక్క నిమిషంలో హాలంతా తెలిసిపోయింది. రోగి విషయం రోగి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని గోడల మీద బోర్డులు రాసి పెడతారు, ఆ గోడ కిందే ఇలా అరుస్తారు. పిల్లలకి పరువు ఉండదని ఎవరు చెప్పారు వీళ్లకి? పెద్దవాళ్లని ఇలా అడగ్గలరా?

ఆ రాత్రి పడుకునేటప్పుడు అడిగింది, "అమ్మా, నేను అందంగా లేననా ఇది చేయిస్తున్నారు?" అని. దగ్గరకి తీసుకుని మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.

క్యాష్‌లెస్ కుదరదన్నారు. కారణం ఒక్క వాక్యం: మినహాయింపు కోడ్ 08, అంటే అందం కోసం చేయించుకునే చికిత్సలు. బంగారం కుదువపెట్టి 64 వేలు కట్టాం. తర్వాత బిల్లులన్నీ పెట్టి రీయింబర్స్‌మెంట్ అడిగితే జూన్ చివర్లో మళ్లీ అదే కారణంతో తిప్పి పంపారు. ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ కథంతా మొదటి నుంచి.

డిశ్చార్జ్ సమ్మరీ తీసి చదివాను. అందులో చికిత్స పేరు దగ్గర ఉన్నది "ఇంజెక్షన్ బొటాక్స్" అన్న రెండు మాటలే. ఎక్కడ చేశారో, ఎందుకు చేశారో లేదు! డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి రెండు గంటలు కూర్చుని లెటర్ రాయించుకున్నాను. బొటాక్స్ అన్న బ్రాండ్ పేరు తీసేసి "సిస్టోస్కోపీ ద్వారా మూత్రాశయ కండరంలోకి బొట్యులినమ్ టాక్సిన్" అని, మూడేళ్లుగా ఏ మందులు ఎన్నాళ్లు వాడి మానేశామో తేదీలతో, బ్లాడర్ ఎలా నిండుతుందో, ఎలా ఖాళీ అవుతుందో కొలిచే యూరోడైనమిక్ పరీక్ష రిపోర్టు జతచేసి. మీరైతే ఇది ఇంజెక్షన్‌కి ముందే రాయించుకోండి, నాలాగా తర్వాత తిరగకండి.

దానితో పాటు నేనూ ఇన్సూరెన్స్ కంపెనీకి మూడు పేజీలు రాశాను. బీకాం చదివి ఇంట్లో ఉన్నదాన్ని, అయినా ఒక్క రోజులో రాశాను. ఈ మందుకి అమెరికాలో మొట్టమొదట 1989లో అనుమతి వచ్చింది మెల్లకన్నుకి, కనురెప్పలు బలవంతంగా మూసుకుపోయే జబ్బుకి. కనుబొమల మధ్య ముడతలకి వచ్చింది 2002లో. పెద్దవాళ్లలో మా పాపలాంటి బ్లాడర్ సమస్యకే 2013లో వచ్చింది. మీరు చెబుతున్న 08వ కోడ్ రూపం మార్చుకోవడానికి చేసే చికిత్సల గురించి, బ్లాడర్ లోపలి గోడ ఎవరికి కనిపిస్తుంది అని అడిగాను. మా ఆయన ఆ వాక్యం తీసేయమన్నారు. తీయలేదు.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపి నెల రోజులు చూశాను. జవాబు రాలేదు. అప్పుడు బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌కి పెట్టాను. హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కానీ ముందు కంపెనీకి రాసి నెల ఆగినట్టు కాగితం ఉండాలి, అందుకే రసీదులు పారేయకండి. విచారణ తేదీ రాకముందే కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, "మీ క్లెయిమ్ మళ్లీ పరిశీలిస్తున్నాం మేడమ్" అన్నారు. అదే కాగితాలు, అదే పిల్ల, అదే జబ్బు. మేలో పనికిరానిది అక్టోబర్‌లో ఎలా పనికొచ్చిందో ఎవరూ చెప్పలేదు. క్షమించమనీ అడగలేదు.

పాప సంగతి చెప్పలేదు కదూ. ఇంజెక్షన్ అయిన వారానికి తేడా తెలిసింది. రెండు వారాలకి స్కాన్ చేస్తే పాస్ బాగానే ఖాళీ అవుతోందన్నారు. ఆగస్టులో డైరీలో మొదటిసారి 290 రాసింది, పక్కన పెన్నుతో నక్షత్రం వేసుకుంది. దసరాకి విజయనగరం రైల్లో వెళ్లాం. ఇదివరకు పెట్టె చివర బాత్రూం పక్క బెర్తు కోసం నేను కొట్టుకునేదాన్ని. ఈసారి మధ్య కూపేలో పై బెర్తు ఎక్కి పడుకుంది, సామర్లకోట దాటాక ఒక్కసారి దిగింది.

ఆరు నుంచి తొమ్మిది నెలల్లో మందు పని తగ్గవచ్చన్నారు. ఇప్పటికి ఐదు గడిచాయి. మళ్లీ చేయించాల్సి వస్తే కౌంటర్ దగ్గరికి పాపని తీసుకెళ్లను. లెటర్ నాలుగు కాపీలు తీసి ఫైల్లో పెట్టాను.