ఐదో వారం, మూడో రోజు

పరుగు మొదలుపెట్టడం నాకు కొత్త కాదు. అప్పటికే నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ మానేశాను. కథ ఎప్పుడూ ఒకటే. మొదటి రోజు రొప్పు వచ్చేదాకా పరిగెత్తడం, రెండో రోజు మెట్లు దిగలేకపోవడం, మూడో రోజు మబ్బు పట్టిందని ముసుగు తన్నడం.

పోయిన నవంబరులో మా తమ్ముడు నా ఫోన్‌లో 'కౌచ్ టు 5కె' యాప్ వేసి ఇచ్చాడు. పరుగు అలవాటు లేనివాళ్లని మెల్లమెల్లగా 5 కిలోమీటర్ల పరుగుదాకా తీసుకెళ్లే యాప్ అది. వారానికి 3 రోజులు, మొత్తం 9 వారాలు. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. ఇదీ ఒక పరుగేనా, గుడికి వెళ్లేటప్పుడు మా అమ్మ ఇంతకంటే జోరుగా నడుస్తుంది అనుకున్నాను. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర సబ్‌మెరైన్ వైపు వెళ్తుంటే, మూడో 60 సెకన్లకే నడుం మీద చేతులేసుకుని ఆగిపోయాను.

నాలుగు వారాలు ఎలాగో లాగాను. ఐదో వారంలోనే ఉంది మెలిక. రెండో రోజు 8 నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో నడక. మూడో రోజు నడకే లేదు, ఏకంగా 20 నిమిషాలు! అది చూసి మూడు వారాలు బీచ్ ముఖం చూడలేదు.

ఒక సాయంత్రం కూరగాయలకు వెళ్తే, బీచ్‌లో రాగిజావ అమ్మే ఆవిడ ఎదురైంది. "ఏటి బాబూ, కనబడ్డం మానేసేవు? ఊరెళ్లిపోయేవేటి?" ఆఫీసులో పని అని అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చాక చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు పరుగు సంగతి అనుకోలేదు. బూట్లు కట్టుకుని జావ బండి దాకా వెళ్లొస్తే చాలనుకున్నాను. తీరా అక్కడికెళ్లాక ఊరికే తిరిగి రావడమెందుకని మొదలుపెట్టాను, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా. ఎంత నిదానమంటే, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన నన్ను దాటి వెళ్లిపోయాడు. పోనీలే అనుకున్నాను. 20 నిమిషాలూ ఆగలేదు.

9 వారాల పని నాకు 16 వారాలు పట్టింది. మార్చిలో ఉక్కకి బనియన్ పిండితే నీళ్లు కారేవి. ఇప్పటికీ కొన్ని రోజులు బద్ధకం గెలుస్తుంది. మొన్న మంగళవారం అలాగే ఎగ్గొట్టి, గురువారం పొద్దెక్కాక వెళ్లాను. ఆవిడ గ్లాసులో జావ పోసి, "ఇంత ఆలీసమైతే ఎలా బాబూ, ఉల్లిపాయలు అయిపోనాయి" అంది.