వేణ్ణీళ్లకు పగటి కరెంటు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో నా పని ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించడమని మా ఊళ్లో అనుకుంటారు. నిజానికి ఈమధ్య ఎక్కువగా తిప్పేది టైమర్లు. ఇక్కడ ఇంటి వెనక గోడకు ఆనించి మనిషెత్తు వేణ్ణీళ్ల ట్యాంకు ఉంటుంది. మూడొందల లీటర్లు, లోపల 3.6 కిలోవాట్ల కాయిల్. దానికి ఏళ్ల తరబడి రాత్రి పదకొండు దాటాకే కరెంటు వదిలేవాళ్లు. బొగ్గు ప్లాంటును రాత్రి ఆపేసి పొద్దున్నే రాజేయడం కుదరదు కాబట్టి, వాడేవాళ్లు లేని ఆ కరెంటును చవగ్గా ఇచ్చేవాళ్లు. మా సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ఆఖరి బొగ్గు ప్లాంటు 2016లో మూతపడింది. చాలా ఇళ్లలో టైమర్లు మాత్రం పాత అలవాటు మానలేదు.

ఇప్పుడు కరెంటు మిగిలేది మధ్యాహ్నం. ఎండ కాసి, ఏసీ అక్కర్లేని ఆదివారాల్లో కొన్నిసార్లు రాష్ట్రం మొత్తానికి కావలసిందంతా ఇంటి కప్పులే ఇచ్చేస్తాయి. వాడకం లేకపోతే వీధిలో వోల్టేజి పెరిగి, ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి. అందుకే పొద్దున పది దాటాక పగటి రేటు తగ్గించారు. నేను ట్యాంకును ఆ టైముకు జరిపి వస్తాను. నాలుగు గంటల్లో 14 యూనిట్లు మింగి, మర్నాడు పొద్దున స్నానాల దాకా వేడి నిలుపుకుంటుంది. అన్ని యూనిట్లు దాచే బ్యాటరీ కొనాలంటే లక్షలు.

కొత్తలో ఒక పెద్దావిడ ఇంట్లో పగలు పదికి బదులు రాత్రి పది పెట్టి వచ్చాను. అప్పట్లో ఆ టైములో రేటు మండిపోతూ ఉండేది. బిల్లు చూసి పిలిచింది. తేడా నా జేబులోంచే కట్టాను. ఆవిడ తిట్టకుండా టీ ఇవ్వడంతో ఇంకా సిగ్గేసింది.

ఈ ట్యాంకుల సంగతి నాయనకు ఫోన్లో చెప్పాను. మాది నెల్లూరు వైపు పొదలకూరు దగ్గర, బోరు కింద నిమ్మతోట. నా చిన్నప్పుడు అర్ధరాత్రి కరెంటొస్తే నాయన టార్చిలైటు, కర్ర పట్టుకుని గట్టు మీద నడిచేవాడు. పాముల భయం. ఇప్పుడు పగలే తొమ్మిది గంటలు ఇస్తున్నారు.

"అట్టయితే కరెంటు ఉన్నప్పుడే మోటారెయ్యాలని మీ దొరలకు ఇప్పుడు తెలిసిందా?" అని నవ్వాడు. వెంటనే, "అన్ని ట్యాంకులూ పదింటికే లేస్తాయా? మన ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలిందనుకున్నావు?" అన్నాడు.

ఆటో స్టార్టర్ల వల్ల. కరెంటు రాగానే ఒకే లైను మీది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. కాయిల్‌కు ఆ గుణం లేదు కానీ, వేల ట్యాంకులు ఒకే నిమిషంలో అందుకుంటే గ్రిడ్‌కు కుదుపే. అందుకని ఇంటింటికీ పది, పదింబావు, పదిన్నర అని మార్చి పెడతామని చెప్పాను.

"నేను ఆటో ఎప్పుడో పీకేశా. కరెంటొచ్చాక తీరిగ్గా ఒక బీడీ కాల్చుకోని, అప్పుడు పోయి వేస్తా."

"బీడీలు మానేశానన్నావు కదా నాయనా?"

అవతల కాసేపు మాట లేదు.